దుంగ అవతలి సాక్ష్యం

మా తాతగారు ముక్కామల రామ్మూర్తి మంచివాడని నేను చెప్పను. చెప్తే మా అమ్మమ్మ భూలక్ష్మి ఏ లోకంలో ఉన్నా దిగొచ్చి నా నెత్తిన మొట్టికాయ వేస్తుంది. ఆయన మొండివాడు. పెళ్ళిలో పురోహితుడు ఒక మంత్రం మింగేస్తే, పందిట్లోంచి లేచి నిలబడి, "అయ్యా, మధ్యలో ఒక ముక్క పోయింది, మళ్ళీ చదవండి" అనేవాడట. ముహూర్తం దాటిపోతోందని ఆడపెళ్ళివారు లబోదిబోమంటున్నా వినేవాడు కాదు. అందుకని చుట్టాలు ఆయనకి శుభలేఖ పంపాలంటే ఒకటికి రెండుసార్లు ఆలోచించేవాళ్ళు. పంపకపోతే ఎందుకు పంపలేదని అడగడానికి ఇంటికొచ్చేవాడు, అదింకా కష్టం.

ఆయన మునసబు కోర్టులో వాఙ్మూలాల గుమాస్తా. సాక్షి నోటితో చెప్పినదాన్ని కాగితం మీద పెట్టడం ఆయన పని. ఏ ఊరి కోర్టో చెప్పను. అప్పుడు అక్కడ ఉన్నవాళ్ళ మనవలు ఇంకా అదే వీధిలో తిరుగుతున్నారు, ఎదురుపడితే నన్ను పలకరిస్తారు కూడా. కోనసీమలో అని మాత్రం అంటాను. ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి, కాలవల్లో నీళ్ళు పారుతున్న కొత్త రోజులు. కుంపిణీ పోయి రాణిగారి పాలన వచ్చిందని ఊరూరా దండోరా వేయించేరు. నీళ్ళొచ్చేసరికి ఒకప్పుడు ఊరికే ఇచ్చినా ఎవరూ పుచ్చుకోని ఇసక దిబ్బలకి కూడా ధర వచ్చింది. ధర వచ్చిన చోటికి దావా రాకుండా ఉంటుందా? కోర్టు అరుగు మీద కూచోడానికి జాగా ఉండేది కాదు.

తాతగారు తీర్పులు చెప్పే మునసబుగారి కంటే ముందే కోర్టుకి వెళ్ళాలి. రెల్లు కలాలు చెక్కుకోవాలి. కాగితం, సిరా సర్కారువి, కలాలు మాత్రం సొంతం. మునసబుగారి ఎడమపక్క, కిటికీ కింద చాప మీద, వాలుగా ఉండే రాతపెట్టె ముందు కూచోవాలి. మునసబుగారు అడుగుతారు, సాక్షి చెప్తాడు. సాక్షి నోరు ఆగేలోపు ఈయన చెయ్యి ఆగాలి. అక్షరానికీ అక్షరానికీ మధ్య కలం ఎత్తకుండా రాసే గొలుసుకట్టు ఆయనది. కోర్టువాళ్ళు తప్ప ఇంకొకరు చదవలేరు. మునసబుగారి ప్రశ్న రాయనక్కర్లేదు. జవాబులన్నీ కలిపి "నేను ఫలానా" అని మొదలుపెట్టి, సాక్షే ఏకధాటిగా చెప్పినట్టు రాయాలి. చివర "పై వాఙ్మూలం చదివి వినిపించగా సరి అని ఒప్పుకొన్నాను" అని ఒక వాక్యం. దాని కింద సాక్షి సంతకం. చదువు రానివాళ్ళయితే ఒక గుర్తు. నాగలో, కత్తో, పడవో, ఎవరి బతుకును బట్టి వాళ్ళు గీసేవాళ్ళు.

ఇంత పనికీ నెలకి ఎనిమిది రూపాయలు. ఒకరోజు రాకపోతే ఆ రోజుది కోత. ఎవరికైనా నకళ్ళు కావలిస్తే రాసిపెట్టినందుకు కాగితానికింతని వచ్చేది, అందులో సగం గుమాస్తాలందరి మీదా పెద్ద అయిన సిరస్తాదారుగారి వాటా. అది ఏ చట్టంలోనూ లేదు, అయినా ఏ చట్టం కంటే గట్టిగా నడిచేది. మునసబుగారింట్లో పెళ్ళైతే శుభలేఖలు రాయడం కూడా గుమాస్తా పనే, దానికి జీతం లేదు, తాంబూలం ఉంది. దావా గెలిచినవాళ్ళు కొబ్బరికాయలు పంపితే తాతగారు పుచ్చుకునేవాడు. అబద్ధమెందుకు, ఇంట్లో పచ్చడికి అవే ఆధారం. రాసి రాసి ఆయన చూపుడువేలు పక్కకి వంగిపోయింది. "ఎనిమిది రూపాయలకి ఒక వేలు అమ్మేశారు, ఇంకా తొమ్మిదున్నాయి" అనేది మా అమ్మమ్మ.

ఇక దుంగ సంగతి చెప్పాలి. కోర్టు ముందర ఖాళీ స్థలంలో ఒక కొబ్బరి దుంగ అడ్డంగా పడేసి ఉండేది. ముట్టుకోకూడదని లోకం పేరు పెట్టినవాళ్ళు, అంటే ఊరవతల పేటల్లో ఉండి ఊరందరి పొలాలూ చేసేవాళ్ళు, సాక్ష్యానికొస్తే ఆ దుంగకి అవతల ఎండలో నిలబడాలి. వాళ్ళు కోసి, మోసి, కొట్టి, ఎత్తిన ధాన్యం గాదెలోకి రావచ్చు. వాళ్ళు మాత్రం అరుగెక్కకూడదు. రాణిగారి కోర్టు గదా అని రాణిగారు వచ్చి చూస్తారా ఏమిటి!

దుంగకీ అరుగుకీ మధ్య మంగరాజు అనే బంట్రోతు నిలబడేవాడు. మునసబుగారు లోపల అడిగింది వాడు అక్కడ కేకవేసి చెప్పాలి. సాక్షి చెప్పింది ఇటు తిరిగి కేకవేసి చెప్పాలి. వాడి కేకని మా తాతగారు రాయాలి. మంగరాజు గొంతు పెద్దది, ఓపిక చిన్నది. అవతలివాళ్ళు పది మాటలు చెప్తే రెండు చేసి ఇటు విసిరేవాడు. మునసబుగారు కిటికీకి దూరంగా, గది లోపలివైపు బల్ల దగ్గర కూచుంటారు, ఆయనకి మంగరాజు తప్ప ఏమీ వినపడదు. తాతగారిది కిటికీ కింద చోటు. ఆయనకి రెండు గొంతులూ వినపడేవి.

ఆ ఏడాది కాట్రేనికోన వైపు నుంచి ఒక దావా వచ్చింది. మాణిక్యాలరావు అని ఒక మోతుబరి, తన పొలం పక్కన లంక మెరక మీద గుడిసెలేసుకున్న పేటని ఖాళీ చేయించాలని వేశాడు. స్థలం కాలం చేసిన మా నాన్నగారిది, పనివాళ్ళని దయతలచి ఉండమన్నారు, ఇప్పుడు నాకు కావాలి, పొమ్మనండి అని. పేటవాళ్ళు అప్పటికి నాలుగైదేళ్ళుగా దొరల మతంలో కలిసి, అక్కడే ఒక తాటాకు పాకలో ప్రార్థన చేసుకుంటున్నారు. వాళ్ళ పెద్ద అబ్రహాము. ఆయన చెప్పేది ఒకటే. ఉండమనడం కాదు, పెద్దాయన స్థలం మాకిచ్చేశారు. ఇచ్చినప్పుడు చూసినవాళ్ళు కొందరుండేవారు. వాళ్ళలో కలరా వదిలిపెట్టింది ఒక్క ఎలీసమ్మనే.

ఎలీసమ్మ మొగుడు పోయిన మనిషి. మాణిక్యాలరావు తండ్రి కళ్ళంలో తూర్పారబట్టి ఒళ్ళు హూనం చేసుకున్న మనిషి. కాగితం లేదు, కబురు లేదు, ఆ పేట మొత్తం ఆవిడ నోటి మీద ఆధారపడి ఉంది. ఆవిడ మాట రాతలోకి సరిగ్గా ఎక్కితే గుడిసెలుంటాయి. ఎక్కకపోతే వానలకి ముందే పీకేస్తారు.

సాక్ష్యం రోజున మొదటి చిక్కు ప్రమాణం దగ్గరే వచ్చింది. హిందువులైతే దేవుణ్ణి తలుచుకుని నిజం చెప్తానంటే చాలు. ఆ మతంవాళ్ళు మాత్రం బైబిలు ముట్టుకుని చెప్పాలి. ఎప్పుడైనా దొరలు సాక్ష్యానికొస్తారని కోర్టు బీరువాలో ఒక బైబిలు పెట్టారు. దొరలు వచ్చింది లేదు, దాన్ని ఎవరూ ముట్టుకున్నది లేదు. ఇప్పుడు ముట్టుకోవలసిన మనిషి వస్తే ఆవిడ దుంగ అవతల ఉంది.

సిరస్తాదారుగారు తెలివైనవాడు. "మంగరాజు పుస్తకం పట్టుకుంటాడు, ప్రమాణం మాటలు అవతల అది చెప్తుంది, సరిపోతుంది" అన్నాడు.

మంగరాజు ఆ సంగతి కేకేసి చెప్పాడు. అవతల నుంచి జవాబు కూడా అంత గట్టిగానే వచ్చింది.

"ఆయన పుస్తకం ముట్టుకుంటే నేను నిజం చెప్పడమేంటండీ? ఆయన అన్నం తింటే నా కడుపు నిండుతుందా?"

అరుగు మీద ఎవరో కిసుక్కున నవ్వారు. మునసబుగారు నవ్వలేదు. ఆయన ఈ ప్రాంతం మనిషి కాదు, చెడ్డవాడూ కాదు, ఎవరితోనూ మాట పడకుండా పింఛను దాకా వెళ్ళిపోవాలనుకునే మనిషి. పుస్తకం పంపించమన్నారు. మంగరాజు అరిటాకు తెచ్చి దుంగ మీద పరిచి, దాని మీద బైబిలు పెట్టి, చుట్ట నిప్పు తగిలినట్టు చెయ్యి వెనక్కి లాక్కుని వచ్చేశాడు. ఎలీసమ్మ చేతులు చెంగుకి తుడుచుకుని, రెండు అరచేతులూ పుస్తకం మీద ఆనించి ప్రమాణం చేసింది. దాంతో ఇంకో చిక్కు. ఆవిడ ముట్టుకున్న పుస్తకాన్ని మళ్ళీ లోపలికి ఎవరు తెస్తారు? ఎవరూ కదల్లేదు. సర్కారువారి సొత్తు అరిటాకు మీద ఎండలో పడి ఉంది.

సాక్ష్యం మొదలైంది. మాణిక్యాలరావు తండ్రి స్థలం గురించి ఏమన్నాడని మునసబుగారు అడిగారు. మంగరాజు అటు కేకేశాడు. ఎలీసమ్మ చెప్పింది.

"గోదారి మా పాత పేటని కోసేసిన ఏడండీ. పెద్దాయన ఆ మెరక మీదకి వచ్చి నిలబడ్డారు. నలుగురం ఉన్నాం. గుప్పెడు మట్టి తీసి పైనుంచి నా చెంగులో పోసేరు. 'ఇది మీకిచ్చేశానే, రేపు నా కొడుకొచ్చినా అడగడానికి లేదు' అన్నారండి."

మంగరాజు ఇటు తిరిగాడు. "ఆ మెరక మీద ఉండమన్నారని చెప్తోందండి!"

లంచమో బద్ధకమో నాకు తెలీదు. తాతగారికీ తెలీదట. వాడు మాణిక్యాలరావు చుట్టలు కాల్చేవాడన్నది నిజం, ఊళ్ళో అందరి చుట్టలూ కాల్చేవాడన్నదీ నిజమే. ఏదైతేనేం, ఇచ్చేశారన్నది ఉండమన్నారని అయింది. మాణిక్యాలరావు దావాలో ఉన్నదీ అదే మాట.

తాతగారు కలం పెట్టె మీద పెట్టేశాడు.

"ఏం, కలం విరిగిందా?" అన్నారు మునసబుగారు.

"కలం బాగానే ఉందండి. నాకు రెండు సాక్ష్యాలు వినపడుతున్నాయి. ఏది రాయమంటారు?"

"బంట్రోతు చెప్పింది రాయి. ఇక్కడి పద్ధతి అదే కదా."

"ఆయ్, పద్ధతేనండి. చివర చదివి వినిపించానని రాయడం కూడా పద్ధతే. నేను లోపలుంటాను. మంగరాజుకి అక్షరమ్ముక్క రాదు. ఈ కాగితం ఆవిడకి ఎవరు చదివేరని రాయమంటారండి?"

ఆ ప్రశ్న అంతకుముందు ఎవరూ వెయ్యలేదు. వెయ్యనందుకు తాతగారికి మాత్రం సిగ్గు లేదా? అన్నేళ్ళూ దుంగ అవతలి సాక్షులందరి పేరునా ఆ వాక్యం రాసింది ఆయనే. వాళ్ళ గుర్తులు మంగరాజు గీస్తుంటే చూసిందీ ఆయనే. దీన్ని గురించి నేను అమ్మమ్మని నిలదీశాను. "అన్నంలో రాయి ఉందని తెలిసి కూడా పక్కకి నెట్టుకుంటూ తింటాం. ఆవేళ పంటికింద పడింది" అంది. నాకు ఆ జవాబు చాల్లేదు. ఆవిడకీ చాల్లేదనుకుంటాను, మాట మార్చేసింది.

మునసబుగారు ఏమనాలో తేల్చుకునేలోపు బయటి నుంచి ఎలీసమ్మ గొంతు వచ్చింది. ఆవిడకీ చెవులున్నాయి, మంగరాజు కేక ఆవిడా విన్నది.

"బాబయ్యా, ఉండమన్నారని నేను చెప్పలేదండీ! ఇచ్చేరని చెప్పేను. ఆ కాగితానికి నేను గుర్తు పెట్టను!"

"ఏయ్, కోర్టులో అరవకు!" అన్నాడు మంగరాజు.

"అరవకపోతే వినపడనంత దూరంలో నిలబెట్టింది మీరే కదా!"

తాతగారు లేచాడు. రాతపెట్టె చంకలో పెట్టుకున్నాడు. సిరాబుడ్డి ఒక చేత్తో, కలాలు ఒక చేత్తో పట్టుకున్నాడు. సిరస్తాదారుగారు గుమ్మానికి అడ్డంగా నిలబడి, మెల్లిగా, చుట్టరికం కలుపుకున్న గొంతుతో అన్నాడు.

"రామ్మూర్తీ, వెళ్ళడం తేలికే. అక్కడ కూచుని మళ్ళీ లోపలికెలా వస్తావో ఆలోచించుకో. ఎనిమిది రూపాయల కొలువుకి ఎనభైమంది కాచుక్కూచున్నారు."

"వెళ్ళిన కాళ్ళతోనే వస్తానండి" అన్నాడు తాతగారు. సిరస్తాదారుగారు తప్పుకున్నాడు. తప్పుకోకపోతే సిరా ఒలికేది.

మండుటెండలో ఖాళీ స్థలం దాటి వెళ్ళి, ఆయన ఆ దుంగ మీద, బైబిలు పక్కన కూచున్నాడు. రాతపెట్టె ఒళ్ళో పెట్టుకున్నాడు. ఎలీసమ్మ రెండడుగులు వెనక్కి వేసింది. పుట్టినప్పటి నుంచి అలవాటైన అడుగులవి.

"వెనక్కెళ్తే నాకు వినపడదు. రా. చెప్పమ్మా" అన్నాడు.

"మొదట్నించా, పంతులుగారూ?"

"మొదట్నించే. తొందరేం లేదు. నా జీతం నెలకి, మాటకి కాదు."

ఎలీసమ్మ ముందుకొచ్చింది. మునసబుగారు పాపం కుర్చీ కిటికీ దగ్గరికి లాక్కున్నారు. ఆయన అక్కడ నుంచి అడుగుతుంటే ఆవిడ సూటిగా ఆయనకే చెప్పింది. మధ్యలో మంగరాజు నోరు మూసుకుని, చేతులెక్కడ పెట్టుకోవాలో తెలీక నిలబడ్డాడు. మాణిక్యాలరావు అరుగు మీద కూచుని తలపాగా విప్పుకుంటూ చుట్టుకుంటూ ఉన్నాడు.

అంతా అయ్యాక తాతగారు గొంతు సవరించుకుని, రాసింది మొదటి నుంచి చదివాడు. ఎలీసమ్మ కళ్ళు మూసుకుని వింటోంది. "పెద్దాయన దయతో ఆ స్థలం మాకు ఇచ్చివేసినారు" అన్నచోట కళ్ళు తెరిచింది.

"ఆగండాగండి. దయ అని నేనలేదండి."

తాతగారు కాగితంకేసి చూసుకున్నాడు. దయతో అని రాసి ఉంది. ఎవరూ చెప్పలేదు. పెద్దవాళ్ళు పేదవాళ్ళకి ఇచ్చినట్టు రాసేటప్పుడు ఆ మాట చేతిలోంచి దానంతటదే వచ్చేస్తుంది, అంతే. మంగరాజు తప్పుకి కలం కింద పెట్టిన మనిషి మొహం కందగడ్డలా అయిందట.

"పని చేసేం. మా అమ్మ చేసింది, నా మొగుడు చేసేడు, నేను చేసేను. అందుకిచ్చేరు. దయ కొట్టెయ్యండి."

కొట్టేశాడు. పక్కన "సాక్షి కోరిక మీద దిద్దినది" అని రాశాడు. మళ్ళీ మొదటి నుంచి చదివాడు.

"సరిగ్గా ఉందా?"

"ఆయ్. ఇప్పుడు నాదేనండి."

అలవాటు కొద్దీ మంగరాజు ఆవిడ గుర్తు గీయడానికి దగ్గరికొచ్చాడు. తాతగారు వాణ్ణి చూడనుకూడా చూడకుండా కలం సిరాలో ముంచి ఎలీసమ్మ చేతికిచ్చాడు. ఆవిడ కాగితం మీద ఒక కొడవలి గీసింది. అన్నేళ్ళు కోసిన చెయ్యి కదా, వంపు బాగా వచ్చిందట. అప్పుడు తాతగారు ఆ కాగితాన్నీ, దుంగ మీదున్న బైబిలునీ తీసుకుని, చెప్పినట్టే వెళ్ళిన కాళ్ళతోనే లోపలికొచ్చి, రెండింటినీ మునసబుగారి బల్ల మీద పెట్టాడు.

సిరస్తాదారుగారు గోడకి అంటుకుపోయాడు. మునసబుగారు కాగితాన్ని చేత్తో ముట్టలేదు, కలం కొసతో తిప్పుకుంటూ చదివారు. చదవడం మాత్రం చివరిదాకా చదివారు.

తర్వాత జరగవలసినవన్నీ జరిగాయి. గుమాస్తా చోటు వదిలి వెళ్ళి సాక్ష్యం రాశాడని మాణిక్యాలరావు రాజమండ్రిలో పైకోర్టుకి అర్జీ పెట్టుకున్నాడు. అగ్రహారంలో తాతగారింటికి రాకపోకలు ఆగాయి. నీళ్ళ రేవులో అమ్మమ్మ బిందె పెడితే పక్క బిందెలు జరిగేవి. ఆవిడ ఊరుకుంటుందా, జరిగినకొద్దీ తన బిందె కూడా జరిపేదట, ఆఖరికి వాళ్ళందరూ మెట్ల చివర నీళ్ళల్లో నిలబడేదాకా.

రాజమండ్రి నుంచి జవాబు వచ్చింది. మునసబుగారు తాతగారిని ఇంటికి పిలిపించి అది వినిపించారు. గుమాస్తా తన చోటు వదిలి వెళ్ళి వాఙ్మూలం రాయడం పొరపాటున జరిగిందా, తెలిసే జరిగిందా, అతని చేత సంజాయిషీ రాయించండి. పొరపాటయితే ఆ వాఙ్మూలాన్ని తీసేసి, సాక్షిని మళ్ళీ పద్ధతి ప్రకారం విచారించండి, గుమాస్తాని మందలించి వదిలెయ్యండి. తెలిసే చేసినట్టయితే ఉద్యోగంలోంచి తీసెయ్యండి.

"పొరపాటని రెండు ముక్కలు రాయి, రామ్మూర్తీ. ఎండదెబ్బకి బుద్ధి తప్పిందని రాయి. పిల్లలుగలవాడివి" అన్నారు మునసబుగారు. ఆయన మంచికే చెప్పారు.

"పద్ధతి ప్రకారం అంటే మంగరాజు కేకలేనా అండి?"

మునసబుగారు రాజమండ్రి కాగితం మడిచి పక్కన పెట్టేశారు. సంజాయిషీ సోమవారం కోర్టులో ఇమ్మన్నారు, పేట దావాకి కూడా ఆవేళే తీర్పు చెప్తానన్నారు.

తాతగారు ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కోకుండానే సంగతంతా చెప్పాడు. అమ్మమ్మ చేటలో బియ్యం ఏరుతోంది. ఆవిడకి పేటవాళ్ళ మీద ప్రేమేం లేదు, ఉందని నేను కల్పించను. కానీ ఆవిడ బుర్రకి వంకర లేదు.

"ఆవిడ చెప్పింది మీరు రాసేరా, మీకు తోచింది రాసేరా?"

"ఆవిడ చెప్పిందే. ఒక మాట నాది పడితే కొట్టించింది."

"మరి పొరపాటెక్కడుంది? వంగిన వేలు చాలదా, ఇప్పుడు నాలిక కూడా వంచుతారా?"

"కొలువు పోతుందే."

"పోతే పోతుంది. అర్జీలు రాసుకుని బతకలేరా? మీకు చేతకాకపోతే చెప్పండి, నేను అప్పడాలొత్తుతాను. ఆ ముసలిదాన్ని మళ్ళీ ఎండలో నిలబెట్టి, దాని నోట్లో మంగరాజు మాటలు కుక్కించి, ఆ ఎనిమిది రూపాయలూ తెచ్చి నా చేతిలో పెడితే నేను వండను. మీరే వండుకోండి."

ఈ మాట చెప్పేటప్పుడు మా అమ్మమ్మకి ఆ వయసులో కూడా ముక్కుపుటాలు అదిరేవి. నాకు ఆ కోపం ఇష్టం. ఆస్తిపాస్తులేమీ మిగల్లేదు మాకు, అది మిగిలింది.

సోమవారం కోర్టు అరుగు కిటకిటలాడింది. దుంగ అవతల పేట మొత్తం వచ్చి నిలబడింది. ముందు అబ్రహాము, పక్కన ఎలీసమ్మ. తాతగారు సంజాయిషీ మునసబుగారి చేతికిచ్చాడు. ఆయన చదివి, కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చదివారు. ఎంతోసేపు చదవడానికి అందులో ఏమీ లేదు. "సాక్షి మాట సాక్షి నోటి నుంచి వినడానికి, రాసింది చదివి వినిపించడానికి వెళ్ళాను. తెలిసే వెళ్ళాను. మళ్ళీ అవసరమైతే మళ్ళీ వెళ్తాను" అని ఉంది.

"ఆఖరి ముక్క అక్కర్లేదు కదయ్యా" అన్నారు మునసబుగారు.

"ఉండనివ్వండి."

సిరస్తాదారుగారి మొహంలో దీపావళి. ఉత్తర్వు రాయాలి. గొలుసుకట్టులో మునసబుగారి నోటితో సమానంగా రాయగలిగినవాడు ఆ కోర్టులో ఒక్కడే ఉన్నాడు. మునసబుగారు అటూ ఇటూ చూసి, ఇబ్బందిగా, "మరి ఎవరు రాస్తారు?" అన్నారు.

"ఈ సాయంత్రం దాకా నా జీతం నడుస్తోంది కదండి. చెప్పండి" అని తాతగారు కలం చెక్కుకున్నాడు.

తనని తీసేసిన ఉత్తర్వు తనే రాసుకున్నాడు. మునసబుగారు చెప్తూ చెప్తూ మధ్యలో రెండుసార్లు తడబడ్డారు. ఈయన చెయ్యి తడబడలేదు, ఆయన మళ్ళీ అందుకునేదాకా కలం ఎత్తి పట్టుకుని ఆగింది. గుమాస్తా రామ్మూర్తి తెలిసే తన చోటు వదిలినట్టు ఒప్పుకున్నందున అతన్ని ఈ సాయంత్రం నుంచి ఉద్యోగంలోంచి తీసివేయడమైనది. అక్కడికి అయిపోయిందనుకున్నారు అందరూ. సిరస్తాదారుగారు ఇసక చల్లి సిరా ఆర్చడానికి చెయ్యి చాచాడు.

"ఇంకా ఉంది" అన్నారు మునసబుగారు. పింఛను దాకా ఎవరితోనూ మాట పడకూడదనుకున్న ఆ మనిషి, ఎవరి మొహమూ చూడకుండా, బల్లకేసి చూస్తూ తీర్పు చెప్పారు. ఎలీసమ్మ వాఙ్మూలం పొరపాటున రాసింది కాదు గనక దస్త్రంలోనే ఉంటుంది. ఆ ప్రశ్నలు తాను స్వయంగా అడిగినవి, ఆ జవాబులు తాను స్వయంగా విన్నవి. ఆ సాక్ష్యం నమ్మదగినది. మెరక స్థలం పేటవారికి ఇచ్చివేసినదే గనక వాది దావా కొట్టివేయడమైనది.

తాతగారు చివరి అక్షరం దాకా రాశాడు. కాగితం పట్టుకుని లేచి నిలబడ్డాడు. కోర్టు ఉత్తర్వు చదివి వినిపించడం గుమాస్తా పనే, సాయంత్రం ఇంకా కాలేదు. చాప దగ్గర నిలబడి చదివితే లోపలివాళ్ళకి చాలు. ఆయన అరుగు చివరికి వెళ్ళాడు. మంగరాజు అలవాటు కొద్దీ మధ్యలోకి నడవబోతే, "నువ్వు ఉండు" అన్నాడు.

తన కొలువు పోయిన ముక్క మామూలు గొంతుతో, గబగబా చదివేశాడు. తీర్పు దగ్గరికొచ్చేసరికి గొంతెత్తాడు. స్థలం పేటవారిదే అన్నది అవతల ఆఖరి వరసలో నిలబడ్డవాళ్ళకి కూడా వినపడాలని, ఒక్కొక్క మాటా విడదీసి చదివాడు. ఎలీసమ్మ కదల్లేదు. అబ్రహాము రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

"వినపడిందా?" అని అడిగాడు తాతగారు.

"ఆయ్! వినపడిందండీ!" అన్నారు అందరూ ఒక్కసారిగా.

అయినా ఆ వాక్యం ఆయన మళ్ళీ ఇంకోసారి చదివాడు. రెండోసారి చదవమని ఆయన్ని ఎవరూ అడగలేదు.